రజబ్ కాలు అందలేదు

రజబ్ లతుకావు పధ్నాలుగేళ్ళు జీతానికి ఫుట్‌బాల్ ఆడాడు. ఆరు క్లబ్బులు, నాలుగు దీవులు, మూడువందల చిల్లర మ్యాచ్‌లు. ఇన్నేళ్ళలో వేసిన గోల్స్ నాలుగంటే నాలుగు. అందులో ఒకటి గాలి వేసిందే గాని తను వేసింది కాదని అతనే ఒప్పుకుంటాడు. పేపర్లో ఫొటో రెండుసార్లు పడింది. మొదటిసారి, కప్పు పట్టుకున్నవాడి భుజం వెనక సగం మొహం. రెండోసారి ఫొటో నిండా అతనే ఉన్నాడు. అది పడకపోయినా బాగుండేది.

అతనిది మిడ్‌ఫీల్డ్‌లో వెనకపని. మిడ్‌ఫీల్డ్‌లో సోకులు చేసేవాళ్ళు వేరే ఉంటారు, జనం పాటలు కట్టేది వాళ్ళమీదే. రజబ్ చేసేదల్లా తన రక్షణ వరసకి నాలుగడుగుల ముందు నిలబడి, దూసుకొచ్చేవాణ్ణి ఆపి, బంతి లాక్కుని, ఆ సోకులవాళ్ళకి అందించడం. పెళ్ళిలో వంటవాడి పనిలాంటిది ఇది. ఉప్పు సరిగ్గా పడితే వంటవాణ్ణి ఎవరూ తలుచుకోరు. కాస్త ఎక్కువైతే మాత్రం పందిరి మొత్తం వంటింటివైపే చూస్తుంది.

అయినా అతనికి ఆ పనంటే ప్రాణం. కాలిమంతాన్ దీవిలో ఆడే రోజుల్లో అక్కడి గోల్‌కీపర్ ఒకడు, "మన రజబ్ ముందు నిలబడితే తలుపు గడియేసినట్టే, నేనో కునుకు తియ్యొచ్చు" అన్నాడు. అప్పట్నుంచి పేరు స్థిరపడిపోయింది, గడియ రజబ్ అని. ఏ క్లబ్బుకి మారినా ఆ పేరు అతనికంటే ముందే అక్కడికి చేరేది. పైకి ఏమీ అనేవాడు కాదు గాని, ఆ పేరు వింటే లోపల కడుపు నిండినట్టుండేది. గొప్ప చెప్పుకోడానికి మనిషికి ఒకటైనా ఉండాలి కదా. అతనికున్నది అదొక్కటే.

అంబోన్ దీవి ఉత్తరపు ఒడ్డున అమహతు అతని ఊరు. ఆ ఊళ్ళో పసిబిడ్డ పాదం మొట్టమొదట మోపేది ఇంటి గడప మీద కాదు, మైదానం గడ్డి మీద. రజబ్‌ని కూడా వాళ్ళమ్మ అలాగే మోపింది. తర్వాత నడక, ఆపైన బంతి, వాటి వెనకే పేలా గురించిన పాఠాలు.

పేలా సంగతి అక్కడ తల్లిపాలతోపాటే వస్తుంది. అమహతు మసీదు ఊరు. అఖాతం అవతలి ఒడ్డున ఉన్న సోవలేసి చర్చి ఊరు. ఎప్పుడో ముత్తాతలనాడు రెండూళ్ళ పెద్దలూ ఒకే చిప్పలో కల్లు పోసుకుని, వేళ్ళు కోసుకుని రక్తపు చుక్కలు కలిపి తాగి ఒట్టేసుకున్నారు. ఆనాటి నుంచి ఆ ఊరివాడు ఈ ఊరివాడికి తోడబుట్టినవాడు. వాళ్ళమ్మాయిని వీళ్ళు చేసుకోకూడదు. వాళ్ళు అడిగింది కాదనకూడదు. చెయ్యెత్తకూడదు, నొప్పి కలిగించకూడదు.

"సోవలేసివాళ్ళు మన పెరట్లోకొచ్చి కొబ్బరికాయ కోసుకున్నా ఎవడ్రా అది అనకూడదు" అని రజబ్ వాళ్ళమ్మ చెప్పేది. "నిచ్చెన కావాలా అనడగాలి."

"కాదంటే ఏమవుద్దమ్మా?"

"కడుపుబ్బి పోతావు. నీతో ఆగదు, ఇంటిల్లిపాదికీ తగుల్తుంది."

రజబ్‌కి తొమ్మిదేళ్ళప్పుడు దీవిలో గొడవలు మొదలయ్యాయి. మసీదులు కాలాయి, చర్చిలు కాలాయి, మూడేళ్ళపాటు ఎవరి ఊళ్ళో వాళ్ళు బిక్కుబిక్కుమంటూ బతికారు. ఆ మూడేళ్ళలో ఈ రెండూళ్ళ మధ్య ఒక్క రాయి పడలేదు. అమహతులో తిండి అయిపోయిందని తెలిసి సోవలేసివాళ్ళు తెల్లవారుజామున పడవల్లో సగ్గుపిండి తెచ్చి ఒడ్డున దింపిపోయారు. ఆ పిండితో వాళ్ళమ్మ వండిన పపేడా గంజి రుచి రజబ్‌కి ఇప్పటికీ నాలిక మీద ఉంది. ఒట్టంటే ఏమిటో అతనికి అర్థమైంది ఆ ముద్దతోనే. భయంతో కాదు.

గొడవలు సద్దుమణిగిన ఏడాదే జావా నుంచి ఒక కోచ్ వచ్చి పన్నెండేళ్ళ రజబ్‌ని క్రీడా పాఠశాలకి తీసుకుపోయాడు. పేలా గురించి అతనికి తెలిసింది ఆ పన్నెండేళ్ళదాకా తెలిసిందే. పిల్లలకి చెప్పేవి చెయ్యకూడనివే కదా. మిగతాది పెద్దయ్యాక, ఊళ్ళో నలుగురితో తిరుగుతూ నేర్చుకునేది. అతనికి ఆ తిరగడం కుదరలేదు.

పరాయి ఊళ్ళ బతుకు ఎలా ఉంటుందో చెబితే తెలిసేది కాదు. హాస్టల్ గది, క్లబ్బు గది, అద్దె గది. గది మారినప్పుడల్లా గోడకి కొట్టే మేకు ఒకటే, తల్లి ఫొటోకి. మ్యాచ్ గెలిస్తే జట్టంతా ఎవరిళ్ళకి వాళ్ళు ఫోన్లు చేసుకునేవాళ్ళు. రజబ్ బూట్లు కడుక్కునేవాడు. సులవేసి దీవిలో ఆడేటప్పుడు ఒకమ్మాయితో పెళ్ళి మాటలు నడిచాయి, ఈలోపు క్లబ్బు అతన్ని వదిలేసింది. ఇంకో ఊరు వెళ్ళాక, అక్కడ ఇల్లు దొరికాక కబురు పెడదామనుకున్నాడు. ఇల్లు దొరికేలోపు ఆ అమ్మాయికి పెళ్ళయిపోయింది. తల్లి పోయినప్పుడు రెండు విమానాలూ ఒక పడవా ఎక్కి వెళ్ళేసరికి మట్టి కూడా ఆరిపోయింది. మూడోరోజున తిరుగు ప్రయాణం, ఆదివారం మ్యాచ్ ఉందని.

"ఎన్నాళ్ళురా ఇలా?" అని అక్క రుగయా అడిగింది.

"కాళ్ళున్నన్నాళ్ళు అక్కా."

ముప్ఫై రెండేళ్ళ వయసులో, ఆరో క్లబ్బులో, ఆ మ్యాచ్ వచ్చింది. లీగులో చిట్టచివరిది. ఓడితే క్లబ్బు రెండో డివిజన్‌కి జారిపోతుంది. సమం చేసుకుంటే చాలు, నిలబడుతుంది. ఆట మొదలై గంట దాటినా ఎవరికీ గోల్ లేదు. రజబ్ ఆ రోజు గడియలాగే ఉన్నాడు. అప్పుడు అవతలి జట్టు ఒక కొత్త కుర్రాణ్ణి దింపింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి, మనిషి మెరుపు తీగలా ఉన్నాడు. కార్నర్ కొట్టేముందు అందరూ గోల్ దగ్గర తోసుకుంటుంటే ఆ కుర్రాడు తన మోచేయి తానే గుద్దుకుని, అంబోన్ యాసలో ఒక బూతు మాట అన్నాడు. రజబ్ ఆ యాస విని ఎన్నేళ్ళయిందో.

"ఏ ఊరు తమ్ముడూ?"

"సోవలేసి అన్నా. మెల్కి నా పేరు, మెల్కి తోమసోవా. మీది?"

"అమహతు."

కుర్రాడి మొహం విచ్చుకుంది. "అయితే మనం పేలా అన్నమాట. అన్నా, నీకు దణ్ణం పెడతా, నా ఎడమ మోకాలు కాస్త చూసుకో. ఆపరేషనై ఏడు నెల్లే అయింది" అని నవ్వేసి పరిగెత్తాడు. సొంతవాడు కనపడితే ఎవరైనా అనే మాటే అది. అన్నవాడు ఆ నిమిషంలోనే మర్చిపోయాడు. రజబ్ మాత్రం నిలబడ్డచోటే నిలబడిపోయాడు. పేలా అడిగాడు. కాదనకూడదు.

ఎనభై ఆరో నిమిషంలో రజబ్ జట్టువాడొకడు మైదానం మధ్యలో బంతి పోగొట్టుకున్నాడు. అది మెల్కికి దొరికింది. మెల్కికీ గోల్‌కీపర్‌కీ మధ్య ఉన్నది రజబ్ ఒక్కడే. ఎటు చూసినా బంతి అందుకోడానికి ఒక్కటే దారి, పక్కనుంచి జారుతూ ఆ ఎడమకాలి మీదుగా వెళ్ళాలి. మామూలుగా అయితే రెండో ఆలోచన ఉండదు, వందసార్లు చేసిన పనే. రజబ్ జారాడు. బంతి జానెడు దూరంలో ఉంది, దానికి ముందు ఆ మోకాలుంది. సగంలో కాలు పైకెత్తేశాడు. మెల్కి దాటిపోయాడు, గోల్ పడింది, క్లబ్బు మునిగింది.

మర్నాడు పేపర్లో అదే ఫొటో. నేలమీద రజబ్, గాల్లో అతని కాలు.

క్లబ్బువాళ్ళు పిలిపించారు. ముగ్గురు పెద్దమనుషులు బల్ల అవతల కూర్చుని ఆ వీడియో ఇరవైసార్లు వేశారు. "కాలెందుకు ఎత్తావు?" అన్నాడు మధ్యలో ఉన్నాయన.

"అందలేదు సార్."

"అందకపోవడమేంటయ్యా, కనపడుతుంటే. ఆ కుర్రాడు నీకు తెలుసా?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. వాడు నా పేలా అండీ అంటే చాలు. అంటే ఏమవుతుందో కూడా రజబ్‌కి కనపడుతూనే ఉంది. ఒట్టు, రక్తం, సగ్గుపిండి, ఇవేవీ ఆ బల్ల అవతలికి చేరవు. చేరేది ఒక్కటే, ఇద్దరూ కుమ్మక్కయ్యారని. ఆ తర్వాత ఆ కుర్రాణ్ణి కూడా ఇలాగే కుర్చీలో కూర్చోబెడతారు. మోకాలు కాపాడి మెడ కోసినట్టవుతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అన్నారా.

"తెలియదు సార్" అన్నాడు.

డబ్బు తిన్నాడని రుజువు కాలేదు. రుజువవడానికి తింటే కదా. కానీ నిప్పు లేనిదే పొగ రాదనేవాళ్ళకి ఏ ఊళ్ళో కరువు. ఆ క్లబ్బు వద్దంది, ఇంకో క్లబ్బు ఫోనెత్తలేదు, మూడోది ఎత్తి పెట్టేసింది. రజబ్ జావాలోనే సురబాయా రేవులో ఒక గిడ్డంగిలో పెట్టెలు లెక్కచూసే పనికి కుదిరాడు. గడియ రజబ్ అన్న పేరు ఎవరి నోటా వినపడలేదు. రేవులో అతన్ని అంబోన్‌వాడా అని పిలిచేవాళ్ళు.

అక్క ఫోన్ చేసేది. "ఇక్కడ నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నార్రా. ఎంత తిన్నావని నన్నే అడుగుతున్నారు. ఏం చెప్పమంటావు?"

"వచ్చినప్పుడు చెప్తాలే అక్కా."

నిజంగానే చెబుదామనుకున్నాడు. మూడేళ్ళు అతన్ని నిలబెట్టింది ఆ ఒక్క ఆలోచనే. జావాలో ఎవరికీ అర్థం కాదు, సరే. మన ఊళ్ళో అర్థమవుతుంది. ఊరి ఆచారాలు చూసే ఇద్రీస్ తాత దగ్గర కూర్చుని ఒక్కసారి జరిగింది జరిగినట్టు చెబితే, ఆ ముసలాయన భుజం మీద చెయ్యేసి "మంచి పని చేశావురా" అంటాడు. ఆ మాట కోసం ఎదురుచూశాడు. పోయిన ఉద్యోగం కోసం కూడా అంత చూడలేదు.

మూడో ఏడు కబురొచ్చింది. రెండూళ్ళూ కలిసి పేలా వేడి చేస్తున్నాయి. పాత ఒట్టు చల్లారిపోకుండా ఎన్నేళ్ళకో ఒకసారి అందరూ కలిసి మళ్ళీ పలకడాన్ని అక్కడ అలా అంటారు. గొడవలూ వాటి తర్వాతి బీదరికమూ అడ్డొచ్చి, రజబ్ పుట్టాక జరగనే లేదు. పొద్దున ఒట్టు పలుకుతారు, మధ్యాహ్నం రెండూళ్ళకీ ఫుట్‌బాల్ ఆట, సాయంత్రం కలిసి తిండి.

"నువ్వు ఆడాలట. అడిగారు" అంది రుగయా. "మెల్కి కూడా వస్తున్నాడు. ఇప్పుడు వాడు రాజధాని క్లబ్బులో పెద్ద మొనగాడు తెలుసా?"

రజబ్ వెళ్ళాడు. ఊళ్ళో అడుగుపెట్టినప్పట్నుంచి చూపులు వెన్నంటే వచ్చాయి. కాఫీ కొట్టు దగ్గర ఒకడు గట్టిగానే అన్నాడు, "రావయ్యా రజబ్, మాక్కూడా కాస్త తినిపించు." రజబ్ వినపడనట్టు నడిచాడు. ఇంకెంత, సాయంత్రందాకా.

ఇద్రీస్ తాత మసీదు మెట్ల మీద ఆకూ వక్కా నములుతూ కూర్చున్నాడు. "తాతా, మీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు రజబ్.

"చెప్పరా."

"ఇప్పుడు కాదు. ఆట అయ్యాక, తీరిగ్గా."

"ఇన్నేళ్ళకొచ్చి ముహూర్తాలు పెడతావేంరా. సరే, కానీ."

పొద్దున ఒట్టు పలికారు. చాలా పొడుగైన తెల్లగుడ్డ ఒకటి తెచ్చి, రెండూళ్ళవాళ్ళనీ ఒక్కచోట నిలబెట్టి చుట్టూ తిప్పారు. అమహతు ఇమాము, సోవలేసి పాస్టరు, ముసలివాళ్ళు, చంకల్లో పిల్లలు, అందరూ ఆ గుడ్డ లోపలే. రజబ్ గుడ్డ అంచు చేత్తో పట్టుకున్నాడు. తను ఒంటరిగా మోసింది ఇంతమందిదీ కదా అనిపించింది. మూడేళ్ళలో మొదటిసారి అతనికి ఒంట్లో బలమొచ్చింది.

మధ్యాహ్నం మైదానంలో రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి. రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని ఆగాడు. ఇద్రీస్ తాత, సోవలేసి పెద్ద ఒకాయన, ఆ తెల్లగుడ్డనే చెరో కొసా పట్టుకుని మధ్యలోకి వచ్చారు. వచ్చి, దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక చెక్కపెట్టెలో పడేసి మూత వేశారు.

"విన్నారా" అన్నాడు ఇద్రీస్ తాత గొంతు పెంచి. "మొదటి ఈల నుంచి ఆఖరి ఈల దాకా మీరు ఒకరికొకరు ఏమీ కారు. అడిగింది ఇవ్వక్కర్లేదు. తన్నుకోండి, తిట్టుకోండి, అబద్ధాలాడుకోండి, ఏం తగలదు. గుడ్డ మళ్ళీ పరిచాక అన్నదమ్ములు."

కొత్తగా చూసేవాళ్ళు కొందరు ఎందుకలా అని అడిగినట్టున్నారు. తాత ఇంకా హుషారుగా చెప్పాడు. "మా తాతలనాడు ఒకసారి గుడ్డ మడవకుండా ఆడార్రా. వీడు 'బంతియ్యన్నా' అంటే వాడు ఇచ్చెయ్యాల్సిందే. మళ్ళీ వాడు 'నాకియ్యి తమ్ముడూ' అంటే వీడు ఇచ్చెయ్యాల్సిందే. చీకటిపడేదాకా ఇచ్చిపుచ్చుకోవడమే, గోలు లేదు పాడు లేదు. అప్పుడు పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. ఇక్కడే కాదు, ప్రపంచంలో ఎక్కడ ఆడినా సరే, బంతి ముందు పేలా లేదని. ఈ దీవిలో మీసం మొలిచిన ప్రతివాడికీ తెలుసది."

మైదానమంతా నవ్వింది. మెల్కి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వనివాడు ఒక్కడే. మీసం మొలవకముందే పడవెక్కినవాడు ఇంకెలా నవ్వుతాడు.

ఆ తర్వాత నలభై ఐదు నిమిషాలు రజబ్ ఎలా ఆడాడో అతనికే తెలియదు. కాళ్ళు వాటంతటవే పని చేశాయి. బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఎవరూ అడగని ఒట్టు తను నిలబెట్టాడు. ఇంట్లోవాళ్ళే పెట్టెలో పెట్టి మూతేసిన దాన్ని తను పరాయి ఊళ్ళో నెత్తిన పెట్టుకుని మోశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అతనికి ఇల్లూ లేదు, రచ్చా లేదు. సాయంత్రం తాతకి ఏమని చెప్పాలి? చెబితే ఆ ముసలాయన బాధపడతాడేమో, అదీ కాకపోతే నవ్వుతాడేమో. నవ్వుతాడేమోనన్నదే ఎక్కువ భయం.

విరామంలో రెండు జట్లూ చెరో గోల్ మీదున్నాయి. అతను జట్టుకి దూరంగా, పందిరి చివర నీడలో ఒక్కడే కూర్చున్నాడు. మెల్కి రెండు కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"అన్నా, ఒకటడగనా? గుడ్డ మడిచారు కాబట్టి చెప్పకపోయినా తప్పులేదు."

"అడుగు."

"ఆ గోల్ చూసే రాజధానివాళ్ళు నన్ను తీసుకున్నారు. మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ వీడియో చూపిస్తది, పాలవాడిక్కూడా. నేను ఒక్కణ్ణే చూసినప్పుడు మాత్రం నా కాలు చూడనన్నా, నీ కాలు చూస్తా. ఎత్తినట్టుంటది. డబ్బు తిన్నావంటే నేను నమ్మలేదు, నలుగురితో పోట్లాడాను కూడా. మరెందుకు ఎత్తావు? నేనేమన్నా అన్నానా ఆ రోజు? కార్నర్ దగ్గర ఏదో మాట్లాడుకున్నట్టు గుర్తు, ఏం మాట్లాడానో గుర్తులేదు."

రజబ్ ఒక బొండాం అందుకున్నాడు. మూడేళ్ళు దాచుకున్న మాట నాలిక చివరికి వచ్చింది. తన పేరు కడిగి పెట్టగలిగినవాడు ప్రపంచంలో ఒక్కడే, వాడే వచ్చి పక్కన కూర్చుని అడుగుతున్నాడు. ఇప్పుడు చెబితే వీడు ఊరంతా చాటుతాడు, అలాంటి కుర్రాడే. చాటిన రోజు నుంచి మాత్రం వాళ్ళమ్మ ఆ వీడియో ఎవరికీ చూపించలేకపోతుంది. వీడు వేసిన గోల్ వీడిది కాకుండా పోతుంది, దయతలచి వదిలేసిన గోల్ అవుతుంది. పోయింది నాది, వీడిది కూడా ఎందుకు పోవాలి అనుకున్నాడు రజబ్.

"అందలేదురా" అన్నాడు. "నువ్వు మంచి దూకుడు మీదున్నావు. జారాక తెలిసింది అందదని. తగిలితే ఎర్రకార్డని ఎత్తేశాను."

"గడియ రజబ్‌కి అందకపోవడమా?" మెల్కి నవ్వాడు గాని, ఆ నవ్వు సగంలోనే ఆగింది. మొహంలో అనుమానం పూర్తిగా పోలేదు. ఈల వినపడి లేచి వెళ్ళిపోయాడు.

ఆట ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనగా మళ్ళీ అదే వాటం వచ్చింది. మైదానం మధ్య నుంచి మెల్కి బంతితో బయల్దేరాడు. దారిలో రజబ్ ఒక్కడే. పైగా ఈసారి మెల్కి బంతిని కాస్త ముందుకి తన్నుకున్నాడు, మూరెడు దూరం. మోకాలు అడ్డం లేదు, తప్పు లేదు, గుడ్డ పెట్టెలో ఉంది. నిద్రలో లేపినా తీసుకోగలిగిన బంతి అది. తీసుకుంటే ఊరు లేచి నిలబడుతుంది, ఇదీ మన గడియ అంటుంది. తీసుకుంటే మెల్కికి కూడా అర్థమైపోతుంది, ఆ రోజు అందకపోవడం అబద్ధమని.

రజబ్ ఒక్క క్షణం ఆగాడు. ఆగి, జారాడు. కాలు, బంతి అప్పటికే దాటిపోయిన చోటికి వెళ్ళింది.

మెల్కి దాటాడు. గోల్ పడింది. సోవలేసివాళ్ళు మైదానంలోకి దూకారు.

మైదానం ఇవతలి గట్టు మీద నుంచి ఒక ఆడమనిషి గొంతు అందరికంటే పైకి వినపడింది. "ఓ రజబన్నా, ఇక చాల్లే, ఇంట్లో కూర్చుని వలలు అల్లుకో." జనం గొల్లుమన్నారు. రజబ్ నేల మీద నుంచి లేచి, మోకాళ్ళకి అంటిన గడ్డి దులుపుకున్నాడు. పసితనంలో వాళ్ళమ్మ పాదం మోపించిన గడ్డే. కళ్ళు మండాయి. దుమ్మని తుడుచుకున్నాడు.

మెల్కి వచ్చి కావలించుకున్నాడు. ఈసారి నవ్వు పూర్తిగా ఉంది. "మూడేళ్ళయినా నీ కాలు పొడుగవలేదన్నా."

"నీదీ కురచవలేదు" అన్నాడు రజబ్.

ఆఖరి ఈల పడింది. అమహతు ఓడింది. ఓడినా ఎవరికీ పెద్ద బాధ లేదు, తిండి వాసనలొస్తున్నాయి. కాఫీ కొట్టు దగ్గర మాటన్నవాడే రజబ్ వెనక నడుస్తూ పక్కవాడితో అంటున్నాడు. "అనవసరంగా నోరు పారేసుకున్నాంరా. తినడం గినడం ఏం లేదు. పాపం వాడికి కాలు సాగదు, అంతే. అప్పుడూ అంతే అయ్యుంటది."

రుగయా కూడా ఆ మాట విన్నది. ఎదురొచ్చి, చేతిలో సగ్గుపిండి రొట్టె పెట్టింది. మొహం వెలిగిపోతోంది. "విన్నావా? ఇక నన్నెవరూ ఏమీ అడగరు. చేతకాకపోతే పోయిందిరా, దొంగవి కాదు కదా, అది చాలు."

"చాలక్కా" అన్నాడు రజబ్.

చెక్కపెట్టె తెరిచి తెల్లగుడ్డ పరిచారు. రెండూళ్ళవాళ్ళూ మళ్ళీ దాని లోపలికి చేరారు. రజబ్‌కి అటు మెల్కి, ఇటు ఎవరో ముక్కూ మొహం తెలియని సోవలేసి మనిషి. భుజాలు భుజాలకి ఒరుసుకుంటున్నాయి. ఇంతమంది మధ్య కూడా మనిషికి అద్దె గదిలో ఉన్నట్టే ఉంటుందని అతనికి ఆ సాయంత్రమే తెలిసింది.

"అన్నా, ఆకలేస్తోంది. ఆ రొట్టె నాకియ్యి" అన్నాడు మెల్కి. ఇప్పుడు గుడ్డ పరిచి ఉంది. రజబ్ రొట్టె మొత్తం ఇచ్చేశాడు.

ఇద్రీస్ తాత జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ఏరా, ఆట అయ్యాక ఏదో చెప్తానన్నావు. తీరిగ్గా అన్నావు. తీరింది, చెప్పు."

రజబ్ ఆయన మొహంలోకి చూశాడు. మూడేళ్ళు ఏ చెయ్యి తన భుజం మీద పడాలనుకున్నాడో, ఆ చెయ్యి ఎదురుగానే ఉంది.

"పెద్ద విషయమేం కాదు తాతా. మైదానంలో పేలా వర్తిస్తుందా లేదా అని అడుగుదామనుకున్నా. మీరే చెప్పేశారు."

"ఓరి నీ అసాధ్యం కూలా" అన్నాడు తాత. "దానికి సాయంత్రం దాకా ఆగడమెందుకురా. ఎప్పుడు ఫోన్ చేసి అడిగినా చెప్పేవాణ్ణిగా."

"అవును తాతా" అన్నాడు రజబ్. "అడగాల్సింది."